ప్రాగ్ ఓర్లోయ్ గడియారాన్ని చదవడం ఎలా? పంచాంగం అలవాటున్నవాళ్లకు పూర్తి గైడ్

యూరప్ టూర్‌కి వెళ్లిన మనవాళ్ల ఫొటోల్లో ప్రాగ్ గడియారం తప్పకుండా ఉంటుంది. ఆ ఫొటో చూసినవాళ్లు అడిగేది కూడా ఎప్పుడూ ఒకటే: "ఇంతకీ అందులో టైమ్ ఎంతైంది?" తీసినవాళ్లకూ తెలియదు. గంట కొట్టినప్పుడు కిటికీల్లో బొమ్మలు కదలడం చూసి, చప్పట్లు కొట్టి, పక్క వీధిలోకి వెళ్లిపోతారు. నాకు ఇది నిజంగా బాధగా ఉంటుంది. బొమ్మలాట ఒక్క నిమిషం కూడా ఉండదు. కింద ఉన్న డయల్ మాత్రం రోజంతా ఐదారు సంగతులు చెబుతూనే ఉంటుంది. రాశి, తిథి, హోర లాంటి మాటలు చిన్నప్పటి నుంచి వింటున్న మనకు అది చదవడం మిగతా టూరిస్టులకన్నా చాలా సులువు.

ముందు రెండు ముక్కలు. చెక్ రాజధాని ప్రాగ్‌లో, ఓల్డ్ టౌన్ స్క్వేర్‌లోని పాత టౌన్ హాల్ టవర్ దక్షిణపు గోడకు ఉంటుంది ఈ గడియారం. స్థానికులు ఓర్లోయ్ అంటారు. 1410లో కదాన్ ఊరికి చెందిన మికులాష్ అనే గడియారాల నిపుణుడు దీన్ని తయారుచేశాడు. ఖగోళం లెక్కల్లో ప్రాగ్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు యాన్ షిండెల్ చెయ్యి ఉందని చెబుతారు. హనుష్ అనే ఆయన దీన్ని చేశాడని, ఇలాంటిది ఇంకెక్కడా చేయకూడదని ఊరి పెద్దలు ఆయన కళ్లు పొడిపించారని గైడ్లు చెప్పే కథ కథే. 1410 నాటి పత్రంలో ఉన్నది మికులాష్ పేరు.

కావలసినవి

- చేతి వాచీ, లేదా ఫోన్‌లో టైమ్.
- బైనాక్యులర్, లేదా జూమ్ బాగా అయ్యే ఫోన్ కెమెరా. కింద నిలబడి ఉత్త కళ్లతో చూస్తే సన్న గీతలు కనిపించవు.
- ఆ రోజు ప్రాగ్‌లో సూర్యోదయం, సూర్యాస్తమయం టైమ్‌లు. ఏ వెదర్ యాప్‌లోనైనా ఉంటాయి.
- ఇంట్లో గోడకున్న తెలుగు క్యాలెండర్‌లో ఆ నెల పేజీ ఫొటో. తిథి సరిచూసుకోవడానికి కావాలి.
- పన్నెండు రాశుల గుర్తులున్న బొమ్మ ఒకటి. డయల్ మీద మేక, ఎద్దు బొమ్మలు ఉండవు, గీతల గుర్తులే ఉంటాయి.

ఒక హెచ్చరిక: గంట కొట్టే టైమ్‌కి అక్కడ జనం కిక్కిరిసి ఉంటారు, అందరి తలలూ పైకే ఉంటాయి. జేబుదొంగలకు అదే అదను. బ్యాగు ముందుకు వేసుకోండి. డయల్ చదవాలంటే గంట కొట్టాక పది నిమిషాలు ఆగండి, చోటు ఖాళీ అవుతుంది.

1. ఏది ఏమిటో విడదీసుకోండి

గోడ మీద మూడు అంతస్తులు కనిపిస్తాయి. పైన రెండు చిన్న కిటికీలు, బొమ్మలు వచ్చేది అక్కడే. మధ్యలో ముళ్లు తిరిగే ఖగోళ డయల్. కింద బొమ్మలతో నిండిన గుండ్రటి పలక, అది క్యాలెండర్. టైమ్ కోసం కింది పలకను చూడకండి. చాలామంది అక్కడే తికమకపడతారు.

2. ముళ్ల జోలికి పోకుండా వెనకున్న రంగులు చూడండి

డయల్ నడిమధ్యనున్న చిన్న నీలం వృత్తం భూమి. దాని పైన పరుచుకున్న నీలం పగటి ఆకాశం. రెండు పక్కలా కిందికి దిగే ఎర్రమట్టి, నారింజ ఛాయలు సంధ్యా సమయాలు. అడుగున నల్లటి వృత్తం చిక్కటి రాత్రి, అంటే సూర్యుడు దిగంతానికి 18 డిగ్రీలకన్నా కిందికి దిగిపోయిన సమయం.

ఎడమవైపు తూర్పు, కుడివైపు పడమర. మ్యాప్ అలవాటు ఇక్కడ పనికిరాదు. ఎడమ అంచున లాటిన్‌లో అరోరా (తెల్లవారుజాము), ఓర్టుస్ (ఉదయం) అని, కుడి అంచున ఒక్కాసుస్ (అస్తమయం), క్రెపుస్కులుమ్ (మునిమాపు) అని రాసి ఉంటుంది. పొద్దు ఎడమ నుంచి ఎక్కి, నడినెత్తికి వచ్చి, కుడివైపు దిగుతుంది.

3. ముళ్లను గుర్తుపట్టండి

కదిలేవి ఇవి:

- చివర బంగారు చెయ్యి ఉన్న ముల్లు. దాని మీదే బంగారు సూర్యుడు ఉంటాడు.
- సగం వెండి, సగం నలుపు గోళం ఉన్న ముల్లు, చంద్రుడు.
- డయల్ కేంద్రానికి ఒక పక్కకు జరిగినట్టున్న ఉంగరం, రాశిచక్రం. దానికి అతికి చిన్న బంగారు నక్షత్రం ఉంటుంది.
- అన్నిటికన్నా బయట నల్లటి ఉంగరం, దాని మీద బంగారు అంకెలు. ఇది కదులుతుందని చూడగానే తెలియదు.

నిమిషాల ముల్లు లేదు. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే సగం తప్పులు పోతాయి. చంద్రుడి ముల్లునో నక్షత్రాన్నో నిమిషాల ముల్లు అనుకుని "గడియారం చెడిపోయింది" అనేవాళ్లు ప్రతి గుంపులోనూ ఉంటారు.

4. మామూలు టైమ్ చదవండి

బంగారు చెయ్యి ఏ రోమన్ అంకె మీద ఉందో చూడండి. రోమన్ అంకెలు ఒకటి నుంచి పన్నెండు వరకు రెండుసార్లు ఉంటాయి. పైనున్న పన్నెండు మిట్టమధ్యాహ్నం, అడుగునున్న పన్నెండు అర్ధరాత్రి. ఎడమ సగం అర్ధరాత్రి దాటాక, కుడి సగం మధ్యాహ్నం దాటాక. ముల్లు రోజుకు ఒక్క చుట్టే తిరుగుతుంది. కాబట్టి సాయంత్రం 6 గంటలకు అది నేరుగా కుడివైపు చూస్తుంది, మన గోడ గడియారంలాగా కిందికి కాదు.

జాగ్రత్త: మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా ఐరోపాలో వాచీలు ఒక గంట ముందుకు జరుపుతారు. ఈ ముల్లు ఆ మార్పును పట్టించుకోదు. వేసవిలో వెళ్తే డయల్ టైమ్‌కి ఒక గంట కలపండి. మనవాళ్లు ఎక్కువగా వెళ్లేది పిల్లల సెలవుల్లోనే కాబట్టి ఈ గంట తేడా దాదాపు అందరికీ ఎదురవుతుంది.

5. పాత చెక్ గంటలు చదవండి

అదే బంగారు చెయ్యి బయటి నల్ల ఉంగరం మీద ఏ అంకె దగ్గరుందో ఇప్పుడు చూడండి. అది పాత చెక్ లెక్క. ఆ లెక్కలో రోజు అస్తమయంతో ముగుస్తుంది. పొద్దు గూకేసరికి 24 పూర్తవుతుంది, వెంటనే కొత్త రోజు మొదలు. మన పంచాంగం రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, ఇక్కడ అస్తమయంతో. తేడా అంతే.

అస్తమయం రోజూ మారుతుంది కాబట్టి ఈ ఉంగరం ఏడాది పొడవునా కాస్త కాస్తగా అటూ ఇటూ జరుగుతుంటుంది. ప్రాగ్‌లో డిసెంబరు చివర్లో సుమారు 4 గంటలకే చీకటి పడుతుంది. జూన్ చివర్లో వాచీలో రాత్రి 9 దాటాక, డయల్ లెక్కలో 8 దాటాక. అంటే 24 అంకె చలికాలంలో రోమన్ నాలుగు దగ్గర, వేసవిలో రోమన్ ఎనిమిది దగ్గర ఉంటుంది.

ఈ అంకెలు మధ్యయుగపు రాతలో ఉంటాయి. నాలుగు, ఏడు మనం రాసే తీరులో ఉండవు. తెలియకపోతే 10 గానీ 20 గానీ వెతికి పట్టుకుని అక్కడి నుంచి వేళ్ల మీద లెక్కపెట్టండి.

6. హోరలు చదవండి

పగటి నీలం మీద వంపు తిరిగిన సన్నటి బంగారు గీతలు కనిపిస్తాయి. ఇవి ఉదయం నుంచి అస్తమయం వరకు ఉన్న పగటిని 12 సమాన భాగాలు చేస్తాయి. పగలు పెరిగితే భాగం పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. రాహుకాలం లెక్కకు పగటిని 8 భాగాలు చేసే మనకు ఇది కొత్తేమీ కాదు, జ్యోతిషంలో పగటికి 12 హోరలు అనే లెక్క ఇదే.

ఇక్కడ చూడాల్సింది బంగారు చెయ్యి కాదు, బంగారు సూర్యుడు. ఎడమ అంచు నుంచి సూర్యుడి దాకా ఎన్ని భాగాలు దాటాయో లెక్కపెట్టండి. మిట్టమధ్యాహ్నానికి ఆరు దాటి ఉండాలి. ప్రాగ్‌లో జూన్ 21 ప్రాంతంలో పగలు 16 గంటలు దాటి ఉంటుంది కాబట్టి ఒక్కో భాగం 80 నిమిషాలకు పైనే. డిసెంబరు 21 ప్రాంతంలో పగలు 8 గంటలే, భాగం 40 నిమిషాలే. రాత్రికి ఈ గీతలు లేవు.

7. సూర్యుడు ఏ రాశిలో ఉన్నాడో చూడండి

రాశిచక్రం ఉంగరాన్ని బంగారు సూర్యుడు ఎక్కడ తాకుతున్నాడో అదే రాశి. రాశులు గడియారం తిరిగే దిక్కుకు ఎదురు దిక్కులో వరసగా ఉంటాయి. మేషం తర్వాత వృషభం కోసం కుడివైపు వెళ్తే మీనం తగులుతుంది.

నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇక్కడే: "సంక్రాంతి నాడు చూశాం, సూర్యుడు మకరంలో ప్రవేశించినట్టు లేదు, దాదాపు చివర్లో ఉన్నాడు. గడియారం తప్పా, పంచాంగం తప్పా?" రెండూ తప్పు కాదు. ఓర్లోయ్‌ది సాయన లెక్క, వసంత విషువత్తు (పగలూ రాత్రీ సమానమయ్యే రోజు, మార్చి 20 ప్రాంతం) దగ్గర మేషం మొదలు. మన పంచాంగాలది నిరయన లెక్క, నక్షత్రాలను బట్టి. ఈ రెండింటి మధ్య ఇప్పుడు సుమారు 24 డిగ్రీల తేడా ఉంది, దాన్నే అయనాంశ అంటాం. సూర్యుడు రోజుకు ఒక డిగ్రీ చొప్పున నడుస్తాడు కాబట్టి తేడా దాదాపు 24 రోజులు. డయల్ మీద సూర్యుడు మకరంలో అడుగుపెట్టేది డిసెంబరు 21 లేదా 22న. జనవరి 14కి మకరంలో 24వ డిగ్రీ దగ్గర ఉంటాడు.

మీ లెక్కలోకి మార్చుకోవాలంటే డయల్ మీది స్థానం నుంచి 24 డిగ్రీలు వెనక్కి రండి. ఈ గడియారం పెట్టిన 1410 నాటికి ఈ తేడా సుమారు 16 డిగ్రీలే. అప్పటి నుంచి ఇప్పటికి ఇంకో ఎనిమిది డిగ్రీలు జరిగింది.

8. తిథి లెక్కపెట్టండి

నాకు ఈ డయల్‌లో అన్నిటికన్నా ఇష్టమైనది ఇది. రాశి విషయంలో పంచాంగంతో పేచీ ఉంటుంది గానీ తిథికి ఆ పేచీ లేదు. తిథి అంటే సూర్యుడికీ చంద్రుడికీ మధ్య దూరం మాత్రమే. ఇద్దరికీ ఒకే అయనాంశ తీసేస్తే దూరం మారదు కదా. అందుకే ఓర్లోయ్ తిథి, మన క్యాలెండర్ తిథి కలవాలి.

లెక్క ఇలా:

- బంగారు సూర్యుడు రాశిచక్రాన్ని తాకే చోటు నుంచి మొదలుపెట్టండి.
- రాశుల వరసలోనే, అంటే గడియారానికి ఎదురు దిక్కులో, చంద్రుడి దాకా ఎన్ని రాశులు దాటాయో లెక్కపెట్టండి.
- ఒక్కో రాశికి రెండున్నర తిథులు వేసుకోండి.

ఉదాహరణకు సూర్యుడు మకరం మధ్యలో, చంద్రుడు మేషం మధ్యలో ఉంటే మూడు రాశుల దూరం, ఏడున్నర తిథులు. ఏడు పూర్తయి ఎనిమిదోది నడుస్తోంది కాబట్టి శుక్ల అష్టమి. ఆరు రాశులు దాటితే పౌర్ణమి అయిపోయింది, అక్కడి నుంచి కృష్ణ పక్షం.

హెచ్చరిక: రెండు ముళ్ల మధ్య కోణాన్ని కంటితో కొలవకండి. రాశిచక్రం డయల్ మధ్యలో లేదు కాబట్టి దాని మీద రాశులు ఒక పక్క ఇరుకుగా, ఇంకో పక్క వెడల్పుగా ఉంటాయి. ఉంగరం మీది గుర్తులనే లెక్కపెట్టాలి.

ఒక తిథి అటూ ఇటూ అయితే టెన్షన్ పడకండి. లోపల ఒకే అక్షం మీద మూడు పెద్ద చక్రాలున్నాయి. రాశిచక్రానికి 365 పళ్లు, సూర్యుడికి 366, చంద్రుడికి 379. ఈ పళ్ల లెక్కన అమావాస్య నుంచి అమావాస్యకు 29.15 రోజులు వస్తుంది, నిజానికి సగటున 29.53 రోజులు. అంటే ఈ తేడాను అప్పుడప్పుడు సరిచేయాల్సిందే. పైగా చక్రాలకు సగటు వేగమే తెలుసు, ఆకాశంలో చంద్రుడు ఒక రోజు వేగంగా, ఒక రోజు నెమ్మదిగా నడుస్తాడు. ఇంకో సంగతి, భారత్ టైమ్ ప్రాగ్‌కన్నా చలికాలంలో నాలుగున్నర గంటలు, వేసవిలో మూడున్నర గంటలు ముందుంటుంది. క్యాలెండర్‌లో తిథి మారే టైమ్‌లోంచి అంత తీసేసి చూడండి.

చంద్రుడి గోళాన్ని జూమ్ చేసి చూడటం మరిచిపోకండి. అది తనంతట తాను తిరుగుతూ కళలు చూపిస్తుంది. లోపల ఒక చిన్న బరువు వేలాడుతూ ఉంటుంది, ముల్లు తిరిగేకొద్దీ ఆ బరువే గోళాన్ని నెమ్మదిగా తిప్పుతుంది.

9. నక్షత్ర కాలం

రాశిచక్రానికి అతికిన చిన్న బంగారు నక్షత్రం రోమన్ అంకెల మీద చూపేది నక్షత్ర కాలం, అంటే సూర్యుణ్ణి కాకుండా నక్షత్రాలను బట్టి లెక్కపెట్టే టైమ్. ఇక్కడ పైనున్న పన్నెండును సున్నాగా తీసుకోవాలి. ఖగోళం మీద ఆసక్తి లేకపోతే దీన్ని వదిలేయొచ్చు.

10. కింది క్యాలెండర్

పలక అంచున 365 రోజులూ, వాటికి కేటాయించిన సెయింట్ల పేర్లూ ఉంటాయి. పై భాగంలో ఉన్న సూచికకు ఎదురుగా ఉన్నదే ఈ రోజు. అర్ధరాత్రికి ఒక రోజు ముందుకు తిరుగుతుంది. అక్షరాలు చాలా చిన్నవి, బైనాక్యులర్ లేనిదే చదవలేరు. దాని మీద రైతు జీవితంలోని పన్నెండు నెలల పనులు యోసెఫ్ మానెస్ అనే చిత్రకారుడు 1860లలో గీసినవి. గోడ మీదున్నది నకలు.

11. గంట కొట్టేటప్పుడు ఏం చూడాలి

ఉదయం 9 నుంచి రాత్రి 11 వరకు గంటగంటకూ బొమ్మలాట ఉంటుంది. అందరూ కిటికీల్లో వచ్చే పన్నెండు మంది అపొస్తలులనే (యేసు శిష్యులు) చూస్తారు. మీరు డయల్ పక్కనున్న అస్థిపంజరాన్ని చూడండి. అది మృత్యువు. తాడు లాగి గంట మోగిస్తుంది, చేతిలోని ఇసుక గడియారాన్ని తిప్పుతుంది. మిగతా ముగ్గురు, అద్దం పట్టుకున్నవాడు, డబ్బు సంచీవాడు, తలపాగావాడు, ఇప్పుడే రాలేమన్నట్టు తలలు అడ్డంగా ఊపుతారు. చివర్లో పైనున్న బంగారు కోడి కూస్తుంది. ఇప్పుడున్న అపొస్తలులు యుద్ధం తర్వాత చెక్కినవి. 1945 మేలో జర్మన్ సైన్యం కాల్పుల్లో టౌన్ హాల్ తగలబడినప్పుడు పాతవి కాలిపోయాయి. గడియారం మళ్లీ 1948లో నడిచింది. 2018లో పెద్ద మరమ్మతు జరిగింది. అందుకే అంతకుముందు తీసిన ఫొటోల్లో రంగులు వేరుగా కనిపిస్తాయి.

జనంలో నిలబడలేనివాళ్లకు, పెద్దవాళ్లకు ఇంకో దారి: టికెట్ తీసుకుని టౌన్ హాల్ లోపలికి వెళ్తే, అక్కడి ప్రార్థనా మందిరం నుంచి అపొస్తలుల బొమ్మలను లోపలివైపు నుంచి దగ్గరగా చూడొచ్చు. టవర్ పైకి లిఫ్ట్ కూడా ఉంది.

ఒక రోజు మొత్తం చదివి చూద్దాం

జనవరి 14, ప్రాగ్ వాచీలో మధ్యాహ్నం 12. సూర్యోదయం 7:55 ప్రాంతం, అస్తమయం 4:20 ప్రాంతం.

బంగారు చెయ్యి నేరుగా పైకి, రోమన్ పన్నెండు మీద. చలికాలం కాబట్టి కలపాల్సిన గంట లేదు. నిన్నటి అస్తమయం నుంచి 19 గంటల 40 నిమిషాలు గడిచాయి, కాబట్టి నల్ల ఉంగరం మీద చెయ్యి 19కి, 20కి మధ్య, 20 వైపు ఎక్కువగా. పగలు ఎనిమిదిన్నర గంటలు, భాగానికి 42 నిమిషాలు, అందుకే సూర్యుడు ఆరో భాగం చివర్లో. రాశిచక్రం మీద సూర్యుడు మకరంలో 24వ డిగ్రీ దగ్గర. అక్కడి నుంచి 24 తీసేస్తే మకరం మొదలు, అంటే మన సంక్రమణం. చంద్రుడి స్థానం ఏటా మారుతుంది కాబట్టి అది మీరే లెక్కపెట్టుకోవాలి.

చదివింది సరేనా? ఇలా సరిచూసుకోండి

నల్ల ఉంగరం మీద 24 అంకెను వెతికి, దానికి ఎదురుగా ఉన్న రోమన్ అంకె చూడండి. వేసవైతే ఒక గంట కలపండి. మీ యాప్‌లో ఉన్న అస్తమయం టైమ్‌కి దగ్గరగా రావాలి. రాలేదంటే 24 అనుకున్నది వేరే అంకె అయి ఉంటుంది.

అస్తమయం వేళ అక్కడే ఉంటే బంగారు సూర్యుడు నీలం దాటి ఒక్కాసుస్ అన్న మాట దగ్గరకు వస్తున్నాడేమో చూడండి. ఎడమవైపు కనిపిస్తే మీరు డయల్‌ను తిరగేసి చదువుతున్నట్టే.

పౌర్ణమి నాడు చంద్రుడి ముల్లు సూర్యుడి ముల్లుకు ఎదురుగా, గోళం వెండి వైపు చూపిస్తూ ఉండాలి. అమావాస్య నాడు రెండూ ఒకే వైపు, గోళం నల్లగా.

మార్చి 20 ప్రాంతంలో వెళ్తే చిన్న నక్షత్రం, బంగారు సూర్యుడు ఒకే వైపు ఉంటాయి. సెప్టెంబరు 22 ప్రాంతంలో ఎదురెదురుగా ఉంటాయి.

జూన్‌లో వెళ్లేవాళ్లకు ఇంకోటి: అర్ధరాత్రి వచ్చి చూడండి. బంగారు సూర్యుడు డయల్ అడుగున ఉంటాడు గానీ నల్లటి వృత్తంలోకి దిగడు. జూన్ అంతా, జులై మొదటి వారం దాకా ప్రాగ్‌లో సూర్యుడు దిగంతానికి 18 డిగ్రీల కిందికి వెళ్లడు, అందుకే అక్కడ చిక్కటి రాత్రే ఉండదు. తల పైకెత్తితే ఉత్తరాన సన్నటి వెలుగు కూడా పట్టొచ్చు, ఊరి లైట్లు అడ్డురాకపోతే.

వెళ్లలేనివాళ్లు

డయల్ స్పష్టంగా కనిపించే ఫొటో ఏదైనా తీసుకుని, అది ఎప్పుడు తీశారో కనిపెట్టే ప్రయత్నం చేయండి. సూర్యుడు రాశిలో ఎన్నో డిగ్రీ మీద ఉన్నాడో చూస్తే తేదీ రెండు మూడు రోజుల తేడాతో తెలుస్తుంది. సాయన రాశి ప్రతి నెలా 18 నుంచి 23 లోపు మొదలవుతుంది, అక్కడి నుంచి డిగ్రీకి ఒక రోజు కలుపుకోండి. బంగారు చెయ్యి గంట చెబుతుంది. చంద్రుడి నుంచి తిథి తీసి, ఆ తేదీకి ఆ తిథి ఏ సంవత్సరాల్లో వచ్చిందో పాత పంచాంగాల్లో చూస్తే సంవత్సరం కూడా కొంతవరకు తేలుతుంది. అదే తేదీకి దాదాపు అదే తిథి 19 ఏళ్లకోసారి తిరిగి వస్తుంది కాబట్టి, ఫొటో రంగులు చూసి 2018కి ముందుదా తర్వాతదా తేల్చుకుంటే మిగిలేవి ఒకటో రెండో.

ఫొటో అద్దంలోలా తిరగబడి లేదని ముందు సరిచూసుకోండి. చౌక వాల్‌పేపర్లలో అలాంటివి దొరుకుతాయి. అరోరా అన్న మాట ఎడమవైపు ఉంటే ఫొటో సరైనదే.